నూనె లెక్క

వరంగల్ చౌరస్తా పక్క సందుల
ఇరవై రెండేండ్లు మిర్చీలు ఏసిన.
నూనె ఎప్పుడు కాగుతదో
వాసనతోటే చెప్త,
పిండి చుక్క ఇడిస్తే
అది పైకి లేచే తీరు చూసి చెప్త.
నా నెత్తుట్ల ఏం కాగుతున్నదో మాత్రం
ల్యాబుల పనిచేసే ఫయాజ్ చెప్పాల్సొచ్చింది.

కాయితం తెచ్చి బండి మీదనే పెట్టిండు.
"కాకా, రెండు వందల అరవై ఎనిమిది."
సమజ్ కాక "ఎన్ని ప్లేట్లు?" అన్న.
నవ్విండు. నవ్వుకుంటనే
నాలుగు మిర్చీలు, ఉల్లిగడ్డ ఎక్కువేయించుకొని,
నిమ్మకాయ పిండుకొని తిని పోయిండు.
కాయితం మీద నూనె మరక పడ్డది,
గుండ్రంగ, సర్కారు ముద్ర లెక్క.

డాక్టరమ్మ రాత్రి గోళి రాసింది.
"మానొద్దు" అని కింద రెండు గీతలు కొట్టింది.
నడువుమన్నది. నూనె తగ్గించుమన్నది.
"ఏం పని చేస్తవు?" అని అడిగి,
నేను చెప్పినంక
కలం మూత తీసుకుంట పెట్టుకుంట
చానసేపు కూసున్నది.

వినోద ఏడువలేదు.
మా అవ్వ ఐలవ్వ ఏమేం తినేదో
ఏళ్ళ మీద లెక్కపెట్టుడు షురూ చేసింది.
పండ్లన్నీ ఊడినంక గూడ
జొన్నరొట్టె సల్లల నానేసుకొని తిన్న మనిషి,
ఉలువచారు గిన్నె అడుగు నాకిన మనిషి.
అప్పుడది గరీబోళ్ళ బువ్వ.
సన్నబియ్యం సంచి ఇంట్లకొచ్చిన దినం
అవ్వ రొట్టెల పెనాన్ని నేనే
పాత సామాన్లోనికి అమ్మిన.
పన్నెండు రూపాయలు.
ఇప్పుడు ఇనుప పెనం ఆరు వందలంటున్నడు,
బేరం లేదంటున్నడు.

పొద్దుగాల నానిన మెంతులు, పరిగడుపున.
"చేదు" అన్న.
"ఇరవై ఆరేండ్లు నీతోటి కాపురం చేసిన,
నేనేం తియ్యటివి తిన్ననా?" అన్నది.
నోరు మూసుకొని మింగిన.
అవిసె గింజలు ఏంచి ఎల్లిపాయతోటి దంచిన పొడి,
పప్పుల గంగవాయిలి కూర.
మోరీ పక్కన మొలుస్తదని
ఇన్నేండ్లు తొక్కుకుంట పోయిన ఆకు.

ఇల్లు శివనగర్ల గనుక
ఐదు గంటలకు ఖిలా మట్టికోట ఎక్కుత.
మొదటి దినం సగం కాడనే కూలబడ్డ.
కింద తోరణాల మీద రాతి హంసలు
ఏ ఆయాసం లేకుండ కూసున్నయ్.
ఆడనే కలిసిండు సాంబమూర్తి,
ఆజంజాహి మిల్లుల మగ్గం నడిపినాయన,
గుండెల రెండు స్టెంట్లు.
"పిలగా, నీ మిర్చీ మరిచిపోలే" అని
ఛాతి మీద చెయ్యేసుకొని నవ్విండు.
ఆయన తిట్టినా బాగుండు.

ఒక ముచ్చట ఎవ్వలికి చెప్పలే, ఇక్కడ చెప్త.
మొన్నటి నూనెల నిన్నటిది,
నిన్నటి దాంట్ల ఇయ్యాల్టిది
కలుపుకుంట పోయిన.
నల్లగైతే పసుపు పిండి దాచిపెట్టేది.
ఇప్పుడు రాత్రి మిగిలింది డబ్బాల పోసి
సబ్బులు చేసేటాయనకు ఇస్తున్న.
మూత పెడుతుంటే
నెల కిరాయి ఒలికిపోతున్నట్టే ఉంటది.
అయినా పెడుతున్న.

మూకుడు పక్కన గంజుల
బబ్బెర గుడాలు పెట్టిన ఈ మధ్య,
కల్యమాకు, పచ్చిమిరపకాయ, జరంత నిమ్మరసం.
మొదటి దినం మూడు ప్లేట్లు పోయినయ్,
దాంట్ల ఒకటి నేనే తిన్న.
మిర్చీలు బంద్ చెయ్యలే.
బిడ్డ ఫీజు గుడాలతోటి కట్టలేను.

మూన్నెల్లకు మళ్ళ నెత్తురు తీసిండు ఫయాజ్.
కాయితం రేపు వస్తదట.
సాయంత్రం బండికాడికొచ్చి
"కాకా, ఒక ప్లేటు గుడాలు" అన్నడు.
చెయ్యి గంజు దిక్కు పోతుండంగనే
"పైన ఒక మిర్చీ తుంచెయ్" అన్నడు.

సగమే తుంచిన.
మిగిలిన సగం
ఇద్దరం చూసుకుంట నిలబడ్డం.